పదమూడో కార్డు

పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా ఆయన ఎర్విన్ వేళ్లు ప్యాకెట్ చించలేవు. ఆయన పోగుచేసే బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డుల ప్యాకెట్లన్నీ ఈ ఏడాది నేనే చించి, కార్డుల మీది నంబర్లు చదువుతున్నాను. ఏ ప్యాకెట్‌లో ఏవి వస్తాయో ముందు తెలియదు. ఆల్బములో అది ఉందనో లేదనో ఆయన చెబుతాడు.

ఆగస్టుకల్లా దొరకాల్సింది ఒక్క 217 మిగిలింది. కూర్చుని చించీ చించీ నా నడుము పట్టేసింది.

"ఏడాది సెట్టంతా పెట్టెలో పెట్టి అమ్ముతున్నారుగా. కొనేస్తే పీడా పోతుంది," అన్నాను.

"చేపను దుకాణంలో కొని, గాలానికి పడిందని చెప్పుకోమంటావా? ముప్పై ఏళ్ల ఆల్బముల్లో ఒక్కటి కూడా పెట్టెలోది లేదు."

మర్నాడు పెట్టె కొన్నాను. 217 మాత్రం తీసుకుని, మిగతావి కారు డిక్కీలో దాచాను. సాయంత్రం ప్యాకెట్ చించి, ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటుంటే ఆ కార్డు మధ్యలో దూర్చాను.

"రెండు వందల పదిహేడు," అన్నాను.

ఎర్విన్ కార్డులన్నీ అడిగి తీసుకుని, బల్ల మీద ఒక్కొక్కటే పరిచాడు. చాలాసేపు చూశాడు. తర్వాత 217ను ఆల్బములో చివరి ఖాళీ అరలో పెట్టమన్నాడు. పెట్టాను.

"అయిపోయింది మార్సెల్లా. ఇక వెళ్లి నడుం వాల్చు."

బల్ల సర్దబోతూ చూశాను. 217 ఆల్బములోకి పోయాక కూడా నాలుగేసి కార్డుల వరుసలు మూడున్నాయి. ప్యాకెట్‌కి వచ్చేవే పన్నెండు. ఇంటి జమాఖర్చులు పైసాతో సహా రాసే నేను, 217 దూర్చినప్పుడు ప్యాకెట్‌లోంచి ఒక కార్డు తీసేయడం మరిచిపోయాను.

తలెత్తాను. ఎర్విన్ ఆల్బము మూస్తున్నాడు.

"మంచి చేపే పడింది," అన్నాడు. "పో, పడుకో."