శుక్రవారం ఇంగ్లీషు బొమ్మ

"రొట్టె కట్టె లెక్క ఉంది పెద్దమ్మా. ఎప్పుడు చేసినవ్?"

"పొద్దు గూకకముందే. ఇయ్యాల శుక్రారం గద."

"నీ బొమ్మ కోసం మేము చల్లటి రొట్టె తినాల్నా?"

"తినకుంటే మానెయ్. మీ హైదరాబాదు హాస్టల్ల వేడివేడిగ పెడ్తరా ఏంది?"

ప్రమీల కంచం పక్కకు నెట్టింది. గోపమ్మ దాన్ని మళ్లీ ముందుకు జరిపింది. తల్లి లేని ప్రమీలను పెంచింది ఈ పెద్దమ్మే.

"అయినా ఇంగ్లీషు బొమ్మ నీకేం సమజైతది?"

"నబీ సాబ్ చెప్తడు. నువ్వూ రా, ఇందువు."

దేవరకొండలో డేరా టాకీసు ప్రమీల తండ్రి దశరథానిది. శుక్రవారాలు ఇంగ్లీషు బొమ్మలు, అన్నీ ప్రేమకథలే. తెర పక్కన స్టూలు వేసుకుని, రేకు బాకాలోంచి కథంతా తెలుగులో చెప్పేవాడు గులాం నబీ. ఆలేరు నుంచి వచ్చి రెండేళ్లయింది. అంతకుముందు ఏం చేసేవాడో ఎవరూ అడగలేదు.

శుక్రవారం వస్తే ఆడవాళ్ల వైపు చాపలు ముందే పరుచుకునేవి. సముద్రం ఎరగరు, మంచు ఎరగరు. రైలు కదులుతున్నా చేయి వదలలేని ఆ తెల్లజంటను చూసి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు.

"దొరసాని అయితేంది, గా చూపు మన అందరిదే," అంటుండేది గోపమ్మ.

ఆ రోజు బొమ్మలో భర్త యుద్ధానికి పోయాడు. ఆమె సముద్రం ఒడ్డున ఇంట్లో ఎదురుచూసింది. ఒకనాడు తార్, అంటే టెలిగ్రాం, వచ్చింది. చదివి, గోడకు ఆనుకుని కూలబడింది.

"తార్ల ఏమున్నది సాబ్?" ముందు చాప మీద నుంచి ఎవరో అడిగారు.

"'దవాఖానల ఉన్న. పానం బాగనే ఉంది. జర ఓపిక పట్టు, వస్త' అని రాసిండమ్మా. సంతోషానికి ఆమెకు కాళ్లు నిలుస్తలేవు."

తెర మీద ఆ తార్ చదివిన ప్రమీల ఉలిక్కిపడింది.

బొమ్మ చివర ఆ దొరసాని ఒడ్డున ఒంటరిగా నడిచిపోయింది.

"ఓడ కోసం చూస్తాంది. రేపటి ఓడల దిగుతడు," అన్నాడు గులాం నబీ.

దీపాలు వెలగగానే ప్రమీల తండ్రి దగ్గరకు వెళ్లింది.

"నాయినా, ఆయనకు ఇంగ్లీషు రాదు. చచ్చిపోయిండని తార్ వస్తే, వస్తుండని చెప్తుండు. ఇది జనాన్ని మోసం చేసుడు గాదా?"

దశరథం మొహం ఎర్రబడింది. తన డేరాలో మోసం అన్న మాట అతను పడలేడు. గులాం నబీని పిలిచాడు.

"సాబ్, నిజం చెప్పుండ్రి. ఇంగ్లీషు వచ్చునా మీకు?"

గులాం నబీ ఒకసారి పక్కకు చూశాడు. నాలుగడుగుల దూరంలో గోపమ్మ చాప చుట్టుకుంటోంది.

"రాదు సాబ్. మాఫ్ చేయుండ్రి."

బాకా స్టూలు మీద పెట్టి వెళ్లిపోయాడు.

అదే బొమ్మ రెండో వారం కూడా ఆడింది. ఈసారి బాకా ప్రమీల పట్టుకుంది. ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. తార్ వచ్చింది.

"మీ భర్త యుద్ధంలో మరణించాడని తెలుపడానికి విచారిస్తున్నాము."

ఆడవాళ్ల వైపు గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. గోపమ్మ లేచింది. ఆమె వెనుక ఇంకో ఐదుగురు లేచారు. బొమ్మ అయిపోకముందే డేరా దాటి వెళ్లారు.

తెల్లవారి వాకిట్లో గోపమ్మ బియ్యం చెరుగుతోంది.

"ఉన్నదే చెప్పిన గద పెద్దమ్మా."

"చెప్పినవ్ బిడ్డా."

"మరి ఎందుకు లేచిపోయిండ్రు?"

"లేచినోళ్లు ఎవలెవలో చూసినవా? మా ఆరుగురి మొగుళ్లు ఒక్కనాడే పోయిండ్రు."

పదకొండేళ్ల కిందట పెదనాయిన గుర్వయ్య, రజాకార్ల మీద పోరాడే సంఘం మనుషులతో అడవికి పోయినప్పుడు ప్రమీలకు ఎనిమిదేళ్లు. పోయినవారిలో ఒక్కరూ తిరిగి రాలేదు. శవం చూసినవాళ్లు లేరు. చూడలేదు గనుక ఆ ఆరుగురూ పుస్తె తీయలేదు, బొట్టు చెరపలేదు. రోజూ ఆ బొట్టు చూస్తూ పెరిగిన ప్రమీల దాని గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

"బొమ్మల ఆ పిల్ల మొఖం చూస్తే తార్ల ఏమున్నదో మాకు ఎరుక గాదా?" అంది గోపమ్మ చేట దించి. "ఎరుకనే. అయినా వస్తడని ఒక మనిషి నోటితోని అంటుంటే ఇనబుద్ధయితది."

ప్రమీల లేచి తండ్రి దగ్గరకు పోయింది. ఆ పూటే దశరథం నబీని పిలుచుకురావడానికి ఆలేరుకు బస్సెక్కాడు.

మర్నాడు అన్నాల వేళకు తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు.

"వస్తనన్నడా నాయినా?"

"లేడు బిడ్డా. మొన్ననే పోయిండట, గుండెనొప్పితోని. వాళ్లక్క లాల్ బీ చెప్పింది."

అన్నం పెడుతున్న గోపమ్మ చేయి ఆగింది. మళ్లీ పెట్టింది.

ప్రమీల కంచంలోకే చూస్తూ అంది.

"పై శుక్రారం బొమ్మ నేనే చెప్త. ఆయన చెప్పినట్టే చెప్త. ఇంగ్లీషు రాకున్నా, ఆయనకు తెలిసింది నాకు తెల్వలే."

"ఆయనకు ఇంగ్లీషు వచ్చు బిడ్డా," అన్నాడు దశరథం తల ఎత్తకుండా. "జర్మనోళ్ల పెద్ద లడాయప్పుడు సికింద్రాబాదు తార్ ఆఫీసుల నౌకరి. సిపాయి చచ్చిండని తార్ వస్తే, ఆ ఇంటికి పోయి, ఇంగ్లీషు చదివి, తల్లికో పెండ్లానికో తెలుగుల చెప్పేటోడు ఆయనేనట."