గోళ్ల మీద చర్చ

ఆ కామెంటు చూడగానే సంపాదకురాలికి ఒళ్లు మండింది. మళ్లీ అదే మనిషి, మళ్లీ అదే మాట.

"ఏడో అంచె నా వల్ల కావడం లేదు. వేరే పద్ధతి రాయండి."

'తోడు' కిట్టు గైడు ఆ సాయంత్రమే విడుదల. డిజైను ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, ముక్కలు తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకోవచ్చు. ఆ బిగించడం ఎలాగో చెప్పే పుస్తకాన్ని ఊరూ పేరూ తెలియని నలభై మంది ఇంటర్నెట్లో కలిసి రాశారు. వాళ్ల చేత రాయించడం ఆమె పని. ఉన్న ఉద్యోగం మానేసి మరీ నెత్తికెత్తుకున్న పని.

దాన్ని రాయడం అనడానికి ఇప్పుడామెకు రోతగా ఉంది. ఒకడు ఎక్కడిదో పేరా తెచ్చి అతికించాడు, పక్కనున్న సబ్బు ప్రకటనతో సహా. ఇంకొకావిడ ఒక్క కామా పెట్టి, రచయితల వరుసలో తన పేరు ముందుండాలంది. ఇక బొమ్మల్లో మర తిప్పుతున్న చేతులకు గోళ్లు ఉండాలా వద్దా అని వారాల తరబడి కొట్టుకున్నారు. గోళ్లుంటే రక్కేట్టు ఉన్నాయన్నారు కొందరు. లేకపోతే శవం చేతుల్లా ఉన్నాయన్నారు మిగతావాళ్లు. చివరికి ఓటింగు పెట్టి, గోళ్లుండాలి కానీ పొట్టిగా ఉండాలని తేల్చారు. ఆ రోజు ఆమెకు ముద్ద దిగలేదు.

పైగా వీళ్లకో నియమం. ఒక్క వాక్యం మారినా నలభై మందీ మళ్లీ సరే అనాలి. ఇప్పుడు ఏడో అంచెను కదిలిస్తే సాయంత్రం విడుదల అటకెక్కినట్టే. అందరూ మళ్లీ గోళ్ల దగ్గరికి వెళ్తారు.

ఆమె కామెంటు తీసేసింది. కసి తీరక ఆ మనిషిని కూడా గ్రూపులోంచి తీసేసింది.

మధ్యాహ్నానికి ఆయన నేరుగా గైడు పని జరిగే ఆఫీసుకే వచ్చాడు. నడివయసు మనిషి. చంకలో కిట్టు డబ్బా. ఎండన పడి వచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"సందేహాల రాయుడు మీరేనా?" అన్నాడు బొమ్మలు గీసే అతను, నవ్వు ఆపుకుంటూ. గ్రూపులో అందరూ ఆయన్ని అలాగే అంటారు.

"నేనేనండి. నన్నెందుకు తీసేశారో అడుగుదామని వచ్చాను."

"చదవకుండా అడిగేవాళ్లతో వేగలేక," అంది సంపాదకురాలు. ఆయన జేబులో చెయ్యి పెట్టుకుని దర్జా ఒలకబోస్తున్నట్టు అనిపించి ఆమెకు ఇంకా కంపరమెత్తింది. "ముందు ఆ జేబులోంచి చెయ్యి తీసి మాట్లాడండి."

ఆయన తియ్యలేదు. డబ్బాను మాత్రం బల్ల మీదికి జారవిడిచాడు.

"చదివానండి. నోటికొచ్చేసింది కూడా. 'ఎవరి సాయమూ అక్కర్లేదు, మీకు మీరే బిగించుకోండి' అని అట్ట మీద రాశారు. అది చూసే ఆశపడ్డాను. మా అమ్మాయిని పిలిస్తే చిటికెలో బిగించి పెడుతుంది. అయిన దానికీ కాని దానికీ దాన్ని పిలవలేకే కదండీ, దీని కోసం కాచుకున్నాను."

ఇంత వయసొచ్చి, ఒక మర తిప్పడానికి కూతుర్ని కేకేసే మనిషి. ఇలాంటి వాళ్ల కోసమా నేను ఉద్యోగం వదులుకున్నది అనుకుంది సంపాదకురాలు.

"ఇటివ్వండి," అని డబ్బా లాక్కుంది. గైడు పైకి చదువుతూ ఒక్కో ముక్కా పేర్చింది. చట్రానికి కీళ్ల ముక్కలు తగిలించింది. పట్టీ ఎక్కించింది. ఏడో అంచె వచ్చేసరికి బళ్లో పాఠం చెబుతున్నట్టు గొంతు పెంచింది.

"'ఎడమ చేత్తో చట్రాన్ని కదలకుండా పట్టుకుని, కుడి చేత్తో తీగ లాగి మర బిగించండి.' ఇదిగో, పట్టుకున్నాను. ఇదిగో, బిగించాను. అయిపోయింది. ఇందులో అర్థం కానిదేముంది చెప్పండి? చిన్నపిల్లలు కూడా చేసేస్తారు."

"అవునండి, మా అమ్మాయి కూడా అదే అంటుంది," అన్నాడాయన.

ఆమె తయారైనదాన్ని బల్ల మీద ఆయన ముందుకి విసురుగా తోసింది. బొమ్మలాయన కిసుక్కున నవ్వాడు.

ఆయన తన ఒంటి చేత్తో, జేబులో దోపుకున్న ఖాళీ చొక్కా చేతిని బయటికి లాగి, ఆమె బిగించిన ప్లాస్టిక్ చేతిని అందులోకి తొడుక్కున్నాడు.