కాలర్ కుట్టిన చెయ్యి

"ఈ కాలర్ నువ్వు కుట్టింది కాదయ్యా టైలరూ!" అన్నాడు బ్యాండు మాస్టారు, కొత్త కోటు తొడుక్కుని అద్దం ముందు మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ.

కర్టెన్ వెనక టైలరు భార్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చెవి ఒగ్గింది. ముందుగది దుకాణం, వెనకగది ఇల్లు. మధ్యలో ఆ కర్టెన్ ఒక్కటే అడ్డు.

లారీ గుద్ది కుడిచెయ్యి చచ్చుబడ్డాక టైలరు ఆస్పత్రి నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దు, మాట వద్దు. "పోనీ నువ్వే మిషనెక్కవే అమ్మాయ్" అని అత్తగారు ఒకసారి అని చూసింది. "నేనెక్కితే ఆయన చెయ్యి ఇక రాదని ఒప్పుకున్నట్టే అత్తయ్యా. చచ్చినా ఎక్కను" అని కోడలు కస్సుమంది. మంచం మీది మనిషి వింటాడన్న ధ్యాస కూడా లేదు ఆమెకి.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఆయనే లేచి మిషను ముందు కూర్చున్నాడు. ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే మొదటి చొక్కా అంచు వంకర పోయింది. ఆయన చేతి కసరత్తుకి ఆస్పత్రికి వెళ్లిన వేళ చూసి ఆమె కుట్లు విప్పింది. మిషను పక్కన మేకుకి ఆయన కుట్టిన పాత చొక్కా ఒకటి వేలాడుతోంది. దాన్ని చూసుకుంటూ అంచు కుట్టి, ఏమీ ఎరగనట్టు మడతపెట్టింది. ఆ దొంగపనికి అత్తగారే కాపలా. కొడుకు వీధి మలుపు తిరగ్గానే లేని దగ్గు తెచ్చుకునేది.

అంచుతో ఆగలేదు. తర్వాత జేబులు పక్కకి జారాయి. ఆపైన చొక్కా చేతులు మెలిపడ్డాయి. కోలుకోవలసిన చెయ్యి నానాటికీ తీసికట్టు నాగంభొట్లు అన్నట్టయింది. మొన్న ఈ కోటు కాలర్ చూసి ఆమె ఏడ్చేసింది. మేకుకి ఈమధ్యే చేరిన పాత కోటు ముందు పెట్టుకుని, మూడుసార్లు విప్పి మళ్లీ కుట్టింది.

ఇప్పుడీ పెద్దమనిషి వచ్చి కొంప ముంచేలా ఉన్నాడు. సంగతి తెలిస్తే ఆయన మళ్లీ గోడవైపు తిరిగిపోతాడు. ఈసారి లేవడు.

"నాది కాకపోతే ఎవరిదంటారు మాస్టారూ?" టైలరు గొంతు నెమ్మదిగా వినిపించింది.

"అది నువ్వే చెప్పాలి. ఇన్నేళ్లుగా నీ కోట్లే తొడుగుతున్నాను. నీ కాలర్ ఎడమపక్క వెంట్రుకవాసి లేస్తుంది. ఇది చూడు, మెడకి అంటుకుని కూర్చుంది."

దుకాణం మూల కూర్చున్న అత్తగారు గట్టిగా దగ్గింది. "బాకా ఊదీ ఊదీ నీ మెడే చిక్కిపోయిందేమో బాబూ!"

"నా మెడా? ఇంకా నయం! తూములా ఉంటేనూ!"

"కోటు విప్పండి" అన్నాడు టైలరు.

ఆమె కర్టెన్ సందులోంచి చూసింది. ఆయన కోటుని బల్లమీద పరిచి, కుడిచేతిని దానిమీద బరువుగా పెట్టి, ఎడమచేత్తో కాలర్ తిరగేశాడు. వంగి ఒక్కొక్క కుట్టే చూశాడు. ముఖంలో ఏ భావమూ లేదు. చివరికి పెద్ద కత్తెర అందుకున్నాడు. ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడని కత్తెర అది. దాని నోరు కాలర్ దగ్గర తెరుచుకుంది.

"ఆగండి!" ఆమె ఒక్క ఉదుటున బయటికొచ్చింది. "కత్తిరించకండి. అది నేను కుట్టాను."

టైలరు కత్తెర ఆపి తలెత్తాడు.

"ఇదొక్కటేనా?"

"అన్నీ నేనే. అంచులూ, జేబులూ, చేతులూ... మీరు కుట్టినవి విప్పేసి మళ్లీ కుట్టాను. మీ చెయ్యి బాగుపడేదాకానే అనుకున్నానండీ. నాలుగు తిట్టండి, పడతాను. మిషను మాత్రం మానేయకండి."

బ్యాండు మాస్టారికి తన నోటిదూల ఏం చేసిందో తెలిసొచ్చింది. చొక్కాతోనే గుమ్మంవైపు రెండడుగులు జరిగాడు. అత్తగారికి ఏం చెయ్యాలో తోచక మళ్లీ దగ్గింది.

"ఇక చాలమ్మా, గొంతు పాడవుతుంది" అన్నాడు కొడుకు. కాలర్ కొసన మిగిలిపోయిన దారప్పోగుని కత్తెరతో టుక్కుమని కోశాడు. కత్తెర తిప్పి, పిడి భార్య చేతిలో పెట్టాడు.

"ఇది నీ దగ్గరే ఉండనీ."

"నాకెందుకండీ? రేపు చెయ్యి బాగయ్యాక..."

"ఈ చెయ్యి అన్నం ముద్ద దాకా వస్తుంది, సూది దాకా రాదు. ఆస్పత్రిలో ఉండగానే చెప్పారు డాక్టరు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత ఒళ్లు మండింది. "తెలిసీ మరి ఎందుకు కూర్చున్నారు మిషను ముందు? రోజుకో వంకర కుట్టి నా ప్రాణం తీయడానికా?"

"చచ్చినా ఎక్కనని నువ్వేగా అన్నావు!" టైలరు చాలా రోజుల తర్వాత నవ్వాడు. "ముందు అంచు, తర్వాత జేబు, ఆ తర్వాత చెయ్యి, ఆఖరున కాలర్... మా గురువు నాకు నేర్పిన వరుసే. ఆ వరుసలో ఒక్కో తప్పూ కుట్టడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. రేపట్నుంచి ప్యాంట్లు. వాటినీ పాడుచేసి పెట్టమంటావా, పక్కన కూర్చుని నేర్పమంటావా?"