వరుస చెప్పేవాడు

నర్సింగం అంగీని కాళ్లకు తొడుక్కుంటున్నాడు. ఒక చేతిలోకి కుడికాలు దూరింది. రెండో చేతిలోకి ఎడమకాలు ఎంతకీ దూరడం లేదు.

"ఎవడు గుట్టిండే ఈ లాగు? దీనికి మెడెందుకు?" అని భార్య మీద అరిచాడు.

రాములవ్వ లాక్కోబోయింది. అతను వదల్లేదు. ఆ గుంజులాటలో అంగీ పర్రున చినిగింది. ఆమె గోడకు ఆనుకుని కూలబడిపోయింది.

పక్షవాతం వచ్చి రెండు నెలలు. చేతులు కదులుతున్నాయి, కాళ్లు నడుస్తున్నాయి. ఏది ముందో ఏది వెనకో మాత్రం మనిషికి తెలియకుండా పోయింది. పాత సంగతులు కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు. దవాఖానలో డాక్టరమ్మ చెప్పనే చెప్పింది: "మందుల పని అయిపోయింది. ఇక చిన్నపిల్లలకు నేర్పినట్టు ఒక్కో పనీ మళ్లీ నేర్పాలి. నేర్పేవాళ్లకు ఓపికుండాలి."

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. సాంబయ్య. లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. రాములవ్వ కొంగు సర్దుకుని లేచింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

నర్సింగం ముఖం మాత్రం వెలిగిపోయింది. "ఓరి సాంబా! ఇంత పొద్దెక్కినంకనా వచ్చేది? మగ్గమెప్పుడు ఎక్కాలెరా? ఏందిరా, నెత్తికి సున్నం పూసుకున్నవ్?"

సాంబయ్య తన తెల్లజుట్టు తడుముకున్నాడు. "ఆలిశ్యమైంది అన్నా," అన్నాడు. "చాన ఆలిశ్యమైంది."

ఒకప్పుడు మట్టెవాడలో ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జంపఖానాలు నేసినవాళ్లు ఇద్దరూ. సాంబయ్య రంగుల వరుసను పాటలా చెప్పేవాడు. నర్సింగం ఆ రంగు దారం ఎక్కించి "ఎక్కె!" అనేవాడు.

చినిగిన అంగీని తీసి పట్టుకుని సాంబయ్య ఆ పాత రాగమే అందుకున్నాడు.

"కుడిచెయ్యి ఒకటీ..."

నర్సింగం తల ఎత్తాడు. చెయ్యి దానంతటదే అంగీలోకి వెళ్లింది. "ఎక్కె!"

"ఎడమచెయ్యి ఒకటీ..."

"ఎక్కె!"

"బొత్తాలు మూడూ, కిందికెంచి మీదికీ..."

"ఎక్కె! ఎక్కె! ఎక్కె!"

చినిగిన అంగీలో నిలబడి నర్సింగం విరగబడి నవ్వాడు. రాములవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆనాటి నుంచి సాంబయ్య రోజూ వచ్చేవాడు. ముఖం కడగడానికో వరుస, ధోవతి కట్టడానికో వరుస. ఒకనాడు నర్సింగం పళ్లు తోముకునే పొడిని అన్నంలో కలుపుకున్నాడు. సాంబయ్య విసుక్కోలేదు, మళ్లీ మొదటినుంచి చెప్పాడు. సందు చివరి దుకాణానికి పోయి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. "వేపచెట్టు ఒకటీ... పిండిగిర్ని ఒకటీ... ఎడమదిక్కు మలుపు ఒకటీ..." అని సాంబయ్య వెనకే నడిచేవాడు. పదమూడోనాడు నర్సింగం ఒక్కడే వెళ్లి ఆకులూ వక్కలూ తెచ్చాడు. సున్నం మరిచిపోయాడు. అయినా రాములవ్వ వాడంతా బెల్లం పంచింది.

"యాదున్నదారా సాంబా, టికెట్ లేకుంట నెక్కొండ దాంక రైల్ల పోయినం?"

"లేకేంది!"

"దించేసిండ్రు. పట్టాలెంబడి నడ్సుకుంట వస్తిమి. నువ్వు ఏ శేన్లనో పెసరుకాయ తెంపుకొస్తివి. సగం సగం తిన్నం."

"నువ్వే ఎక్కువ తిన్నవన్నా."

ఇద్దరూ నవ్వుకునేవారు. నర్సింగానికి అదంతా మొన్న జరిగినట్టే ఉండేది. "నీ పెండ్లికి జంపఖానా నేనే నేస్తరా. పిల్లను సూసిండ్రా మీవోళ్లు?" అని అడిగితే, సాంబయ్య అటు తిరిగి కళ్లు తుడుచుకునేవాడు. ఎందుకో నర్సింగానికి అర్థమయ్యేది కాదు.

ఇక మిగిలింది మగ్గం. అది వస్తేనే ఇల్లు గడిచేది. లడాయి రోజులు, యుద్ధానికి పోగా మిగిలిన నూలు దొరకడమే కష్టం. తేలికైన గీతల వరుసలు రెండురోజులు చెప్పి చూశాడు సాంబయ్య. నర్సింగం "ఎక్కె" అంటూనే ఉన్నాడు, దారాలు చిక్కుపడుతూనే ఉన్నాయి.

మూడోనాడు సాంబయ్య చిక్కుపడ్డ దారాలు విప్పి, "నెమలి వరుస చెప్త," అన్నాడు.

తలుపు దగ్గరున్న రాములవ్వ ఉలిక్కిపడింది. "గా నెమలి వద్దు సాంబయ్యా. ఇంకేదన్న చెప్పు. మగ్గం రాకుంటే రాకపాయె."

"అన్న చేతికి పానం గదే వదినె. అదొస్తే అన్నీ వస్తయి."

"అన్నీ వస్తయనే నా భయం."

సాంబయ్య రంగు దారాలు సర్దాడు. నర్సింగం పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని రాగం తీశాడు.

"నీలిది రెండూ..."

"ఎక్కె!"

"పచ్చది ఒకటీ, మల్ల నీలిది రెండూ..."

"ఎక్కె!"

ఈసారి వేళ్లు తడబడలేదు. చెప్పకముందే దారం అందుకుంటున్నాయి. నెమలి మెడ లేచింది, ముక్కు తేలింది. సాంబయ్య చెప్పడం ఆపినా నర్సింగం ఆగలేదు. తనే వరుస చెప్పుకుంటూ, తనే నేస్తూ, నెమలి కంటి దగ్గర చెయ్యి ఆపాడు.

పక్కకు తిరిగి సాంబయ్యను తేరిపార చూశాడు. తెల్లజుట్టు, ముడతలు. ఇప్పుడే చూస్తున్నట్టు చూశాడు. నర్సింగం ముఖం జేవురించింది.

"నువ్వా! నా నెమలిని ఎత్కపోయి ఇంకోని మగ్గం మీద నేసినోనివి! ఇరవై ఏండ్లాయె నీ మొకం సూడక! నా పక్కన కూసునే మొకమారా నీది? లే! నడువ్ బయటికి!"

సాంబయ్య లేచి నిలబడ్డాడు. కన్నీళ్లు చెంపల మీదికి జారుతుండగా తలుపు వైపు తిరిగి కేక వేశాడు.

"వదినె! బాగైండే మా అన్న!"