కోదాడ మిల్లులో రిపేరు

కొత్త మిషన్‌ను కేసులో కలపడానికి జడ్జి ఒప్పుకోలేదు. సూర్యాపేట కోర్టు వరండాలో లాయర్ స్వరూప ఫైలు మూసేసింది.

తడి వడ్లను నూక పడకుండా ఆరబెట్టే డ్రయ్యర్ కనిపెట్టి, పేటెంటు తెచ్చుకున్నవాడు మిర్యాలగూడ మెకానిక్ కాటయ్య. దాన్ని కాపీ కొట్టిన కంపెనీ మీద కేసు వేశాడు. కేసు పడగానే కంపెనీ ఆ మిషన్ అమ్మడం ఆపేసి, కొత్త మోడల్ దించింది. అందులోనూ కాటయ్య డ్రయ్యరే. ఇప్పుడు మిల్లుల్లో నడుస్తున్నదంతా అదే. పాత మిషన్ మీద గెలిచినా ఒరిగేదేమీ లేదు.

ఆ అర్జీ ఆలస్యమైందని కొట్టేయడానికి కంపెనీ చూపించిన ఒక్క ఫొటో సరిపోయింది. కోదాడ మిల్లులో, కొత్త మిషన్ ముందు, మోచేతులదాకా గ్రీజుతో కాటయ్య.

"రెండేండ్ల కిందనే చూసిన్రు గదా. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"రిపేరుకు పిలిచిన్రు మేడం. బయట వాన. ట్రాక్టర్లల్ల వడ్లు మొలకలొస్తున్నయ్."

"బాగు చేసినంక నాకొక ఫోన్ చేస్తే అయిపోతుండె. మీ డ్రయ్యరే అని గుర్తుపట్టలేదా?"

కాటయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు.

"అప్పుడది నాది కాదు మేడం. వాళ్లు రెక్కలు వేరే తీరుగ పెట్టిన్రు, గందుకే మాటిమాటికి ఆగుతుండె. వడ్లు కరాబైతుంటే సూడలేక, నా డ్రయ్యర్ల ఉన్నట్టే మార్చి బిగించిన. కంపెనీ ఇంజినీరు పక్కనే నిలబడి ఫొటోలు తీసుకున్నడు."

ఆ చేతులను వెనక్కి పెట్టుకున్నాడు.

"గప్పటిసంది వాళ్ల మిషన్లన్నీ గట్లనే వస్తున్నయ్."