కాగితంలో లేని మేనకోడలు

వంతెన కొట్టుకుపోయిన వరదకి మరుసటి ఏడు. కొయ్యకాళ్ళు చేసే మేస్త్రీ పెరట్లో కూర్చుని తొమ్మిదేళ్ళ మేనకోడలికి కొత్త కాలు చెక్కుతుంటే, అతను పని మానేసిన కార్ఖానా ఓనరు వచ్చి నెత్తిమీద నిలబడ్డాడు.

"పని మానేస్తే రెండేళ్ళు ఈ ఊళ్ళో ఎవరికీ కాళ్ళు చెయ్యనని సంతకం పెట్టావు కదయ్యా."

"అమ్మడానికి కాదండీ. పిల్ల ఎదిగింది, పాత కాలు రెండు వేళ్ళు పొట్టిదైపోయింది."

"కాగితంలో మేనకోడలి ముచ్చటేం లేదే. కోర్టుకెక్కమంటావా?"

"పోనీ, మీ కార్ఖానాలోనే చేయించండి."

"నువ్వెళ్ళాక చేసే మొనగాడెవడున్నాడు?" ఓనరు గొంతు తగ్గించాడు. "మళ్ళీ వచ్చి చేరు. పిల్ల కాలు ఇవాళే చేసుకో."

మేస్త్రీ చేతిలో ఉలి ఆగిపోయింది. ఆ కాగితం కార్ఖానా పనితనం బయటికి పోకుండా కాపలా అనుకున్నాడు ఇన్నాళ్ళూ. తనని తిరిగి ఆ గడప ఎక్కించడానికేనని ఇప్పుడు తెలిసింది.

"నాకు చంకకర్ర చాల్లే మామయ్యా," అంది పిల్ల. "ఆ కార్ఖానా రంపంపొట్టులోకెళితే నువ్వు మళ్ళీ రక్తం పడేలా దగ్గుతావు."

మేస్త్రీ సగం చెక్కిన కాలు తీసి ఓనరు చేతిలో పెట్టాడు.

"ఇదీ ఆ కాగితం పక్కనే దాచుకోండి."

మర్నాడు పొద్దున పిల్లని భుజాన ఎక్కించుకుని, చుట్టుదారైనా సరే, కార్ఖానా ముందునుంచే బడికి తీసుకెళ్ళాడు.