విడివిడిగా చెప్పండి

షెడ్డులో తెరిచిన బానెట్ దగ్గర నిలబడినవారు నలుగురు. మొదట మెకానిక్, ఆయన పక్కన మా అబ్బాయి, వారికి ఒకడుగు వెనుక నా భార్య, అందరికంటే చివర నేను.

కారు నాది.

మెకానిక్ చేతులు తుడుచుకుని, ఒక్క ఊపిరిలో ఎస్టిమేట్ చెప్పేశారు.

మా అబ్బాయి పెద్దగా నవ్వాడు.

"ముక్కు కన్నా ముక్కుపుడక బరువుందే! ఆ డబ్బు పెడితే ఇలాంటి బండి ఇంకోటి వస్తుంది."

"అదే చెబుతున్నా బాబూ. దీనిమీద అంత పెట్టడం దండగ. వచ్చినకాడికి అమ్మేయండి. కొనేవాణ్ణి నేను చూస్తా."

"చూస్తావు, ఎందుకు చూడవు! కొనేది మీ బావమరిదేనా?"

ఆ మాట అనుచితం. అబ్బాయిని వారించాను. కొన్ననాటి నుంచి ఆ కారు మీద ఈయన చెయ్యి తప్ప మరొక చెయ్యి పడలేదు. ఈయన అడిగినది ఎక్కువా తక్కువా అని నేను ఏనాడూ ఆలోచించలేదు.

అయినప్పటికీ, ఒక ధర న్యాయమైనదో కాదో తేల్చుకొనే పద్ధతి నాకు ఉద్యోగంలో అలవడింది. మొత్తాన్ని పక్కన పెట్టి, ఏ పని ఎందుకో అడగాలి. అబద్ధం మొత్తంలో ఇముడుతుంది. ముక్కల్లో ఇమడదు.

"విడివిడిగా చెప్పండి," అన్నాను.

"స్టీరింగ్ పనుంది సార్. బ్రేకులు. గేర్‌బాక్స్ దింపాలి..."

"గేర్‌బాక్స్‌కు ఏమైంది?"

"అరిగిపోయింది సార్."

"నిన్న నేనే నడిపాను. గేర్లు వెన్నపూసలా పడ్డాయి."

ఆయన మా అబ్బాయిని చూశారు. నన్ను చూశారు. చివరకు తన చేతిలోని మసిగుడ్డను చూసుకున్నారు.

"ఎంత చేసినా ఏముంది సార్? ముసలి పెళ్ళికొడుక్కి ముస్తాబు ఎన్నాళ్ళు నిలుస్తుంది?"

అని, చటుక్కున నాలుక కరుచుకున్నారు.

మా అబ్బాయి అది ఉత్త సామెత అనుకున్నాడు.

అది నా కారు పేరు.

రోజూ పొద్దున్నే తుడుస్తానని నా భార్య దానికి పెట్టిన పేరు. అద్దాలు ఎక్కించి, లోపల మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రమే అంటుంది. "ఏమండీ, మీ ముసలి పెళ్ళికొడుకు ఇవాళ ఎక్కడికి ఊరేగుతాడట?" మూడో మనిషి చెవిన ఆ పేరు పడకూడదన్నది మా మధ్య ఒప్పందం. కన్నకొడుకు కూడా ఏనాడూ వినలేదు.

ఆమె నా ముందే నిలబడి ఉంది. వెనక్కు తిరగలేదు.

"పదండి నాన్నా," అన్నాడు అబ్బాయి. "వీడు పచ్చిదొంగ. ఇంకో షెడ్డులో చూపిద్దాం. ఇన్నేళ్ళూ మనల్ని ఎంత తిన్నాడో ఏమో!"

మెకానిక్ ముఖం నల్లబడింది.

"ఆయన్నేమీ అనకురా," అంది నా భార్య. "అంత చెప్పమన్నది నేను."

"నువ్వా అమ్మా?"

ఆమె అప్పుడు నావైపు తిరిగింది.

"అంత ఖర్చంటే మీరే అమ్మేస్తారనుకున్నాను. దండగ ఖర్చు మీకు గిట్టదుగా."

"నాతో చెప్పవలసింది."

"చెప్పాను. స్కూలు గేటు దగ్గర ఒకావిడ మీదికి కారు పోనిచ్చారే, ఆ రోజే చెప్పాను. ఇంక నడపొద్దండీ అని."

"నేను బ్రేకు వేశాను."

"నేను అరిచాక వేశారు."

"ఆమె నాకు కనిపించింది. నువ్వు అనవసరంగా అరిచావు."

"కనిపించిందా? ఆవిడ గొడుగు ఏ రంగో చెప్పండి."

"నలుపు," అన్నాను.

"ఆవిడ చేతిలో గొడుగే లేదండీ. చంటిపిల్ల ఉంది."

అబ్బాయి నావైపు చూడడం మానేశాడు.

"సరే," అన్నాను. "నన్ను నమ్మకపోవడం నీ ఇష్టం. కానీ పరాయి మనిషి ముందు ఆ పేరు కూడా అన్నావు."

"ఏ పేరు?" అన్నాడు అబ్బాయి.

ఆమె జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మెకానిక్‌ను అడిగాను. "అసలు లోపం ఏమిటి?"

"ఏం లేదు సార్," అన్నారు నెమ్మదిగా. "బండి నిక్షేపంలా ఉంది."

బానెట్ నేనే దించాను. తాళం చెవి అబ్బాయి చేతిలో పెట్టి, వెనుక తలుపు తీసుకుని కూర్చున్నాను. నా కారులో వెనుక సీటు అంత ఇరుకని అప్పుడే తెలిసింది.

ఆమె అటువైపు తలుపు తీసి, నా పక్కన కూర్చోబోయింది.

నేను కోటు విప్పి, మడిచి, ఆ చోట పెట్టాను.

ఆమె ఒక క్షణం ఆ కోటును చూసింది. తలుపు మెల్లగా మూసి, ముందుకు వెళ్ళి కూర్చుంది.

దారి పొడుగునా అబ్బాయి చాలా జాగ్రత్తగా నడిపాడు.

ఆనాడు ఆ షెడ్డులో నన్ను మోసగించినవారు ఇద్దరు. వారిలో నా ముఖం చూడలేక తల దించుకున్నది మెకానిక్ గారు ఒక్కరే. అందుకు వారికి నా కృతజ్ఞతను ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను.